డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్సులో ఆయిల్ మార్చేదెలా?

ప్రశ్న: మాది 2014 టయోటా కామ్రీ ఆటోమేటిక్. గేర్‌బాక్సు ‘సీల్డ్’, ఆయిల్ మార్చక్కర్లేదంటున్నారు. నిజమేనా? డిప్‌స్టిక్ లేకుండా లెవెల్ ఎలా తెలుస్తుంది?

జవాబు: సీల్డ్ అంటే డిప్‌స్టిక్ లేదనే, ఆయిల్ పాడవదని కాదండీ. వేడికి ఏ ఆయిలైనా చెడుతుంది. తప్పక మార్చండి.

ముందు పైనున్న ఫిల్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) వదులవుతుందో లేదో చూసుకోండి. కింద ఆయిలంతా దించేశాక అది కదలకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. తర్వాత పాన్ (గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింది ప్లగ్ తీస్తే కాస్తే కారుతుంది. లోపల నిలువుగా చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, ఆయిల్ లెవెల్‌కు కొలత దాని పై అంచే. 6 మి.మీ. అలెన్ కీతో దాన్నీ విప్పితేనే మిగతాది దిగుతుంది. ఎంత దిగిందో కొలిచి, గొట్టం, ప్లగ్ బిగించి అంతే కొత్త డబ్ల్యూఎస్ ఆయిల్ (టయోటా గేర్‌బాక్సు ఆయిల్ రకం) పోయండి. డెక్స్‌రాన్ రకం గేర్‌బాక్సు ఆయిల్ వద్దు, చిక్కదనం వేరు.

అసలు మెలకువ లెవెల్ దగ్గరే. బండి నాలుగు వైపులా సమంగా ఉండాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బ్రేక్ తొక్కి గేర్లన్నీ నెమ్మదిగా మార్చి పార్క్‌లో పెట్టండి. కారుకు తగిలించే డయాగ్నస్టిక్ స్కానర్‌లో ఆయిల్ వేడి సుమారు 40 డిగ్రీలకు రాగానే (కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూడండి) ఇంజిన్ ఆపకుండానే కింది ప్లగ్ తీయండి. ధార తగ్గి చుక్కలైతే లెవెల్ సరిపోయినట్టు. కొత్త వాషర్‌తో బిగించండి. అసలేమీ రాకపోతే ఇంకొంచెం పోయాలి. మరీ వేడెక్కాక తీస్తే వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువ పోయి, చల్లారాక లెవెల్ తగ్గిపోతుంది.

ఒక్కసారికి దిగేది సగంలోపే, మిగతాది చాలావరకు టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు కలిపే భాగం) ఉండిపోతుంది. కొన్నాళ్లు నడిపి మళ్లీ మార్చండి.