సాగర్ లాంచీ కంటే సోమశిల పడవే మేలు

"హైదరాబాద్ నుంచి కారులో నల్లమల వైపు వెళ్తున్నాం, ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తున్నారు. కృష్ణలో బోటు ఎక్కాలంటే సాగర్ మంచిదా, సోమశిల మంచిదా?" అని అడిగారు. నా ఓటు కొల్లాపూర్ దగ్గర, శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్ల ఒడ్డున ఉన్న సోమశిలకే. పెద్దవాళ్లున్నారు కాబట్టి మరీ సోమశిలకే.

సాగర్ నుంచి శ్రీశైలం లాంచీ బాగుండదని కాదు. అటూ ఇటూ కొండలే, చూడాల్సిందే. కానీ నూట పది కిలోమీటర్ల దూరం, గంటలకొద్దీ కూర్చోవాలి. పైగా కొందరు బోట్లలో డీజే పాటలు పెడతారు. అడవి మధ్యలో నది మీద ఆ మోత ఎందుకో నాకు ఈరోజుకీ అర్థం కాదు. ఇంట్లో ఉన్నా వినొచ్చు కదా!

సోమశిల అలా కాదు. మా పెద్దమ్మ పుట్టినూరు శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగింది. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. కొన్నేళ్ల కింద ఆమెను సోమశిల తీసుకెళ్లి పడవ ఎక్కించాను. వానలు బాగా పడ్డ ఏడు, నీళ్లు నిండుగా ఉన్నాయి. నది మధ్యలోకి వచ్చాక ఆమె లేచి నిలబడి, "మా ఊరి రేవు యాడుండె నాయనా?" అని పడవ నడిపే ఆయన్ని అడిగింది. ఆయన ఎడమవైపు చూపించాడు. "కాదు, ఆ గుట్టకు ఇవతల" అని ఆమె వాదన పెట్టుకుంది. ఆయన ఇంజిన్ ఆపేశాడు. ఇక ఆమె మొదలుపెట్టింది: బొడ్రాయి దగ్గర నుంచి ఏ వాడ, ఎవరిల్లు, ఎవరింటి ముందు చింతచెట్టు, ఎవరి బావి నీళ్లు ఉప్పన... వరుస తప్పకుండా చెప్పుకుంటూ పోయింది. పడవలో మా పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు.

సోమశిలలో మీరు చూసే పాత గుళ్లు కూడా ముంపు నుంచి రాయి రాయి విప్పి తెచ్చి కట్టినవే. అలంపూర్‌లోని కూడలి సంగమేశ్వరాలయం కూడా అంతే. గుళ్ల విషయంలో ఉన్న శ్రద్ధ మనుషుల మీద ఉండలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 98 జీవో తెచ్చారు. మా పెద్దమ్మ తమ్ముడు ఆ కాగితాలు పట్టుకుని తిరిగీ తిరిగీ ముసలివాడయ్యాడు. బోటు టికెట్ల ధరలు రాసిన బోర్డు పక్కనే మునిగిన ఊళ్ల పేర్లతో ఒక శిలాఫలకం పెట్టాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను. పెట్టాలి, పెట్టి తీరాలి.

లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం ఎక్కకండి. ఎవరేమన్నా సరే, బకిల్ పెట్టుకున్నాకే పడవ కదలనివ్వండి. 2007లో ఈ నదిలోనే పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. అవతలి ఒడ్డు సిద్ధేశ్వరానికి వంతెన కావాలని జనం ఏళ్ల తరబడి అడిగింది ఊరికే కాదు.

వానాకాలం చివర్లో వెళ్లండి, నీళ్లుంటాయి. పొద్దున పడవ ఎక్కి, ఒడ్డున చేపల వేపుడు తిని, కొల్లాపూర్ మీదుగా అచ్చంపేట వచ్చి శ్రీశైలం రోడ్డు పట్టుకోండి. ఆ రోడ్డు మీద అడవిలోకి వెళ్లేచోట ఉండే మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరుకే తీస్తారు. పెద్దవాళ్లతో కాబట్టి చీకటి పడకముందే దాటేయండి.