పీహెచ్ 8.2, గ్యాస్ సగం: ట్రైమిథైలమైన్ ట్యాంకు

ట్రైమిథైలమైన్ (చేపల వాసన వచ్చే, నైట్రోజన్ ఉన్న రసాయనం) కలిసిన వ్యర్థ జలాలను గాలి లేకుండా కుళ్లబెట్టి గ్యాస్ తీసే మీ జడ్చర్ల ట్యాంకులో పీహెచ్ 8.2కి చేరిందని, గ్యాస్ సగానికి పడిపోయిందని, రోజూ సున్నం వేస్తున్నామని రాశారు. ట్యాంకును కుంగదీసింది ఆ అమైన్ కాదు, అది విరిగితే పుట్టే అమ్మోనియా అయి ఉంటుంది.
ఆక్సిజన్ లేనిచోట మెథనోసార్సినా లాంటి సూక్ష్మజీవులు ట్రైమిథైలమైన్‌ను మీథేన్‌గా మారుస్తాయి. నైట్రోజన్ మాత్రం అమ్మోనియాగా నీళ్లలోనే ఉండిపోతుంది.

చాలామంది అమ్మోనియా రిపోర్టు ఒక్కటే చూస్తారు, పక్కన పీహెచ్ పెట్టి చూడరు. 35 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో, మొత్తం అమ్మోనియాలో ఆ జీవులకు విషమయ్యే ఫ్రీ అమ్మోనియా (అయాన్‌గా మారని భాగం) సుమారు 1 శాతం. 8కి వెళ్తే 10. జడ్చర్ల ఎండకు నీళ్లు వేడెక్కితే ఇంకా ఎక్కువ.

1. మీరు రోజూ వేస్తున్నామన్న సున్నం ఇవాళే ఆపండి, అది పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది. గ్యాస్ తగ్గగానే బస్తా విప్పడం మన దగ్గర అలవాటైపోయింది!
2. ఫీడ్ (ట్యాంకులోకి పంపే వ్యర్థ జలం) సగం చేసి, అమైన్ లేని నీళ్లు కలపండి. యాసిడ్ ఒక్కసారిగా గుమ్మరించొద్దు.
3. పీహెచ్ 7.5 లోపుకు దిగాకే ఫీడ్ మెల్లగా పెంచండి.

మిగిలిన అమ్మోనియా పని తర్వాత వచ్చే, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకుది.