జిసెల్ బ్యాలే వీడియో చూస్తున్నారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిల్స్‌లో సగానికి పైగా ఒకే బ్యాలే మీద ఉన్నాయి, జిసెల్. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి జరిపేశాం, ఏమనుకోకండి.

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. వాళ్ళ మేడమ్ గారు జిసెల్ అనే బ్యాలే రికార్డింగ్ ఇంట్లో అందరూ కలిసి చూడండి అన్నారు. ఆదివారం భోజనాలయ్యాక టీవీలో పెట్టాం. ఒక్కరూ మాట్లాడరు, పాట లేదు, కింద సబ్‌టైటిల్స్ కూడా లేవు. ఇంటర్వెల్ కూడా కాకుండానే మావారు "ఏందే ఈ మూగనోము" అని లేచి వెళ్ళిపోయారు. మా అత్తయ్యగారు మాత్రం చివరిదాకా కూర్చుని ఆ పిల్ల ఎందుకు చచ్చిపోయిందే అని నన్నడుగుతున్నారు. నాకు తెలిస్తేగా! అసలు దీన్ని ఎట్లా చూడాలండీ?
ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ అత్తయ్యగారికి మా నమస్కారాలు చెప్పండి, అసలు ప్రశ్న ఆవిడే అడిగారు. కథ తెలియకుండా కూర్చుంటే ఎవరికైనా మూగనోమే. సత్యభామకీ కృష్ణుడికీ ఎక్కడ చెడిందో తెలియకుండా భామాకలాపానికి వెళ్ళేవాళ్ళు మన వైపు ఉంటారా చెప్పండి, కథ తెలుసు కాబట్టే ఆవిడ జడ ఎట్లా విసిరింది, లేఖ ఎట్లా రాసింది అని చూస్తాం. పారిస్ వాళ్ళకి కూడా అంతే, అక్కడి ఒపేరా అనే నాటకశాలలో కథంతా అచ్చేసిన పుస్తకాలు అమ్మేవాళ్ళు, అది చదువుకునే చూసేవాళ్ళు. ఈ జిసెల్ మొదటిసారి ఆడింది అక్కడే, 1841 జూన్ 28న. కథ గోతియే, సెయింట్ జార్జ్ అనే ఇద్దరు రాశారు, సంగీతం అడాల్ఫ్ ఆడమ్, డాన్స్ కూర్చింది కొరాలీ, పెరో. జిసెల్‌గా వేసింది కార్లొటా గ్రిసీ.

ఇక కథ. జర్మనీలో రైన్ నది వైపు ఒక పల్లె, ద్రాక్ష కోతల రోజులు. జిసెల్‌కి డాన్స్ అంటే పిచ్చి, కానీ గుండె బలహీనం, అందుకే వాళ్ళమ్మకి ఎప్పుడూ భయం. ఆ పిల్లని ప్రేమించానంటూ వచ్చే కుర్రాడు నిజానికి పల్లెటూరివాడు కాదు, అల్బ్రెక్ట్ అనే జమీందారీ బాబు, కత్తి దాచేసి మామూలు బట్టలేసుకుని తిరుగుతుంటాడు, పైగా ఇంకో గొప్పింటి అమ్మాయితో వాడికి నిశ్చితార్థం కూడా అయిపోయింది. జిసెల్‌ని మొదట్నించీ ఇష్టపడే హిలారియన్ అనే అడవి కాపలావాడు ఆ కత్తి పట్టుకొచ్చి అందరి ముందూ గుట్టు రట్టు చేస్తాడు. ఆ పిల్లకి మతి చలించి, కాసేపట్లోనే ప్రాణం పోతుంది. కొన్ని ప్రొడక్షన్లలో గుండె ఆగిపోతుంది, కొన్నింటిలో ఆ కత్తితోనే పొడుచుకుంటుంది. అత్తయ్యగారు చూసింది ఏదో మాకు తెలీదు కానీ జవాబు మాత్రం ఒకటే, మోసం తట్టుకోలేక చచ్చిపోయింది.

రెండో సగం అడవిలో, అర్ధరాత్రి, సమాధి దగ్గర. పెళ్ళి కాకుండానే చచ్చిపోయిన అమ్మాయిలు విలీలు అనే దయ్యాలై తిరుగుతుంటారు, దొరికిన మగవాణ్ణి ప్రాణం పోయేదాకా ఆడిస్తారు. ఈ విలీల సంగతి గోతియేకి జర్మన్ కవి హైనే రాతల్లో దొరికింది. వాళ్ళ రాణి మిర్తా. ముందు హిలారియన్ దొరుకుతాడు, తర్వాత పూలు పట్టుకుని పశ్చాత్తాపంతో వచ్చిన అల్బ్రెక్ట్. అప్పుడే విలీ అయిన జిసెల్ వాణ్ణి తెల్లవారేదాకా కాపాడుతుంది, గంట మోగగానే విలీలంతా మాయమైపోతారు, తనూ వెళ్ళిపోతుంది.

ఇప్పుడు చేతుల సంగతి, ఇది మీ అమ్మాయికి అప్పజెప్పండి, మీ అందరికంటే తనకే తొందరగా పడుతుంది. మన అభినయంలో ఉన్నన్ని హస్తాలు వీళ్ళకి లేవు, పిడికెడు సైగలు పట్టుకుంటే చాలు. గుండె మీద చేయి అంటే ప్రేమ. రెండు వేళ్ళు పైకెత్తితే ఒట్టు. తల మీద రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే డాన్స్. ఉంగరం వేలు చూపిస్తే నిశ్చితార్థం. పిడికిళ్ళు బిగించి మణికట్ల దగ్గర ఒకదాని మీద ఒకటి వేసి కిందికి దించితే చావు. ఇవి తెలిసి చూస్తే ఫస్టాఫ్‌లో ఒక చోట గుండె జారిపోద్ది. వేటకొచ్చిన గొప్పింటి అమ్మాయి బతిల్డ్ జిసెల్‌తో ముచ్చట్లాడుతుంది, నీకు నిశ్చితార్థం అయిందా అంటే అయిందని ఈ పిల్ల సిగ్గుపడుతుంది, నాకూ అయిందని ఆవిడ అంటుంది, సంతోషంగా మెళ్ళో గొలుసు తీసి ఈ పిల్లకి ఇస్తుంది, ఇద్దరూ చెప్పేది ఒకడి గురించే, ఆ సంగతి స్టేజీ మీద వాళ్ళిద్దరికీ తెలీదు, చూసే మనకి తెలుసు.

చెవులు కూడా కాస్త తెరిచి ఉంచండి. మొదట్లో జిసెల్ పువ్వు రేకులు ఒక్కోటీ తుంచుతూ ప్రేమిస్తున్నాడు, ప్రేమించట్లేదు అని లెక్కపెట్టుకునే దగ్గర ఒక ట్యూన్ వస్తుంది, మతి చలించాక అదే ట్యూన్ ముక్కలైపోయి మళ్ళీ వస్తుంది, ఆ పిల్ల లేని పువ్వు రేకులు తుంచుతుంటుంది. మీవారిని ఈ ఒక్క సీనుకి వచ్చి కూర్చోమనండి.

ప్రశ్న: సర్, నేను ఫోన్‌లో చూశా. ఫస్ట్ యాక్ట్ సూపర్. సెకండ్ యాక్ట్ మొత్తం పొగ, తెల్ల గౌన్లు, ఎవరు ఎవరో తెలీదు, బోర్ కొట్టి ఫార్వర్డ్ చేసుకుంటూ పోయా. కానీ చదివిన ప్రతిచోటా సెకండ్ యాక్టే గొప్ప అంటున్నారు. నాకే టేస్ట్ లేదా?
ఇంజనీరింగ్ స్టూడెంట్, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: టేస్ట్ కాదు తమ్ముడూ, ఫోన్. ఇంకా చెప్పాలంటే కెమెరా.

తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో వెనక వరుసలో కూర్చున్నావనుకో, ఆర్టిస్టు కళ్ళు ఏమంటున్నాయో కనపడదు కానీ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కనపడుతుంది. కెమెరా దీనికి తలకిందులు. అది ముఖం ఇస్తుంది, నేల లాగేసుకుంటుంది. ఫస్ట్ యాక్ట్‌కి ముఖమే కావాలి, అంతా సైగలు, చూపులు, ఏడుపు, కాబట్టి అక్కడ వీడియో హాల్లో సీటు కంటే కూడా మేలంటాను నేను, మతి చలించిన సీన్‌లో జిసెల్ కళ్ళు హాల్లో బాల్కనీ వాళ్ళకి ఏం కనపడతాయి చెప్పు.

సెకండ్ యాక్ట్‌కి కావలసింది నేల. అక్కడ హీరోయిన్ ఒక్కతే కాదు, ఇరవై పైచిలుకు అమ్మాయిలు ఒకే ఒంటిలా కదలడం అసలు సంగతి. ఒక చోట వాళ్ళు రెండు గుంపులై, ఒక కాలు వెనక్కి చాచి, ఇంకో కాలి మీద చిన్న చిన్నగా గెంతుకుంటూ ఎదురెదురుగా వచ్చి ఒకళ్ళ వరసల్లోంచి ఒకళ్ళు దాటిపోతారు. హాల్లో చప్పట్లు పడే సీను అది. సరిగ్గా అప్పుడే డైరెక్టర్ గారు మిర్తా ముఖం మీద క్లోజప్ వేశారనుకో, అయిపోయింది, వరస ఎక్కడ మొదలైందో ఎక్కడ కలిసిందో నీకు తెలిసే దారే లేదు. వైడ్ షాట్ ఉన్నా కూడా ఫోన్‌లో ఆ అమ్మాయిలు బియ్యపు గింజంత ఉంటారు, ఇంక బోర్ కొట్టక ఏం చేస్తుంది.

కాబట్టి పెద్ద టీవీ, గదిలో లైట్లు ఆపెయ్. ఇది ఊరికే చెప్పట్లేదు, ఈ తెల్ల గౌన్ల వెన్నెల సీన్లు పుట్టిందే గ్యాస్ దీపాల కాలంలో, మంట తగ్గిస్తూ పెంచుతూ స్టేజీ మీద మసక వెన్నెల తెప్పించేవాళ్ళు, ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఆ మసక మొత్తం పోతుంది. హెడ్‌ఫోన్స్ పెడితే దయ్యాలు పరిగెత్తినప్పుడల్లా టక టక అని షూల చప్పుడు వినపడుద్ది, దానికి మాత్రం మేమేం చెయ్యలేం.

ప్రశ్న: వాళ్ళు కాలివేళ్ళ కొసల మీద అంతసేపు ఎలా నిలబడతారు? షూలో ఇనప ముక్కో చెక్కో పెడతారని మా ఆఫీసులో ఒకాయన బల్లగుద్ది చెబుతున్నాడు.
పాఠకుడు, తెనాలి

జవాబు: ఇనుమూ లేదు, చెక్కా లేదు, ఆయన్ని బల్ల వదిలేయమనండి. మామూలుగా ఆ షూ ముందు భాగం గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అతికించి గట్టిపరిచింది, కింద తోలు అట్ట, పైన శాటిన్. చెమటకి, తొక్కుడికి తొందరగా మెత్తబడిపోతుంది, పెద్ద వేషం వేసే ఆవిడ ఒక్క షోలోనే జత పాడుచేస్తుంది. నిలబెట్టేది పాదం, పిక్క, నడుము బలం. అందుకే చిన్న పిల్లలకి ఇవ్వరు, ఏళ్ళ తరబడి సాధన అయ్యి, ఎముకలు కాస్త గట్టిపడ్డాక, మామూలుగా పదకొండు పన్నెండేళ్ళప్పుడు మొదలుపెడతారు. జిసెల్ కంటే ముందు, 1832లో, లా సిల్ఫీద్ అనే బ్యాలేలో మారీ టాగ్లియోనీ అనే డాన్సర్ ఇలా వేళ్ళ మీద ఆడి పారిస్‌ని ఊపేసింది, ఆవిడకి ఈమాత్రం షూ కూడా లేదు, మెత్తటి శాటిన్ చెప్పుల కొసకి దారంతో కుట్లు వేసుకుని ఆడేది.

ప్రశ్న: మోసం చేసిన డబ్బున్నోడు బతికిపోయాడు, నిజం చెప్పిన హిలారియన్‌ని దయ్యాలు చంపేశాయి. ఇదెక్కడి న్యాయం?
పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: న్యాయం కాదమ్మా, మేమూ హిలారియన్ పార్టీయే. వాడు మొరటోడు, అసూయ కూడా ఉంది, కానీ అబద్ధం ఆడలేదు, సమాధి దగ్గరికి వాడూ దుఃఖంతోనే వచ్చాడు. వాణ్ణి రెండు నిమిషాలు గిరగిరా ఆడించి చెరువులో తోసేస్తారు. అల్బ్రెక్ట్‌కి మాత్రం కాపాడ్డానికి జిసెల్ ఉంది. కొందరు ఆర్టిస్టులు అల్బ్రెక్ట్‌ని నిజంగా ప్రేమించినవాడిగా వేస్తారు, కొందరు సరదాకి వచ్చిన తిరుగుబోతుగా మొదలుపెట్టి సమాధి దగ్గర మనిషిని చేస్తారు. మాకైతే రెండోదే నచ్చుతుంది, మొదటి రకంలో వాడికి మారడానికి ఏం మిగల్లేదు.

ప్రశ్న: ఏ రికార్డింగ్ చూడాలి? పిల్లలతో చూడొచ్చా?
పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మొదటిసారికి లండన్ రాయల్ బ్యాలే వాళ్ళది పెట్టుకోండి, పీటర్ రైట్ తయారుచేసిన ప్రొడక్షన్, కథ విడమరిచి చెప్పినట్టుంటుంది. నటాలియా ఒసిపోవా, కార్లోస్ అకోస్టా జంటది దొరికితే అదే చూడండి, ఆ అమ్మాయి సెకండ్ యాక్ట్‌లో నేల మీద ఉండదు. పాత రికార్డింగ్ అంటే భయం లేకపోతే రష్యన్ డాన్సర్ గలీనా ఉలనోవాది, మాస్కో బోల్షోయ్ బ్యాలే వాళ్ళు 1956లో లండన్ వచ్చినప్పుడు తీసింది. అప్పటికి ఆవిడకి 46 ఏళ్ళు, వేసింది పదహారేళ్ళ పిల్లలాంటి వేషం. బొమ్మ మసగ్గా ఉంటుంది. సత్యభామ వేషంలో వేదాంతం సత్యనారాయణశర్మ గారిని చూసినవాళ్ళకి వయసు, మగ ఆడ ఇవేం అడ్డు కావని మేం చెప్పక్కర్లేదు.

పిల్లలు ఎనిమిది తొమ్మిదేళ్ళు దాటితే కూర్చోబెట్టొచ్చు, దయ్యాలు భయపెట్టేవి కావు, చావు సీను గురించి మాత్రం ముందే చెప్పి ఉంచండి. మొత్తం రెండు గంటలు, ఒక్క బిగిన అక్కర్లేదు, ఒక సాయంత్రం ఒక యాక్ట్ చాలు. యాడ్స్ వచ్చేచోట మాత్రం చూడకండి, ఆ పిల్ల ప్రాణం పోతుంటే మధ్యలో బట్టల సబ్బు యాడ్ వస్తే మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోతారు.