నిరుడు ఫ్లూ టీకా వేయించాం, ఈ ఏడాది మళ్లీ ఎందుకు?

మీ ప్రశ్న ఇది: "అమ్మకు నిరుడు ఫ్లూ టీకా వేయించాం. పోలియో టీకాను పెద్దయ్యాక ఏటేటా వేయరు కదా, దీన్ని మాత్రం ప్రతి ఏడాదీ వేయమనడం కంపెనీల వ్యాపారమేనా?"

నేను మిర్యాలగూడలో మందుల దుకాణం నడుపుతున్నాను. వానాకాలం దగ్గరపడుతుంటే ఈ అనుమానం చాలామంది అడుగుతారు. వైరస్ నిజంగానే మారుతోంది. అందుకు రుజువు టీకా పెట్టె మీదే అచ్చయి ఉంటుంది. ఈసారి కొనేటప్పుడు చిన్న అక్షరాలు చదవండి. ఒక ప్రాంతం పేరు, ఒక సంఖ్య, ఒక సంవత్సరం కనిపిస్తాయి. ఆ రకం వైరస్‌ను ఎక్కడ, ఏ ఏడాది గుర్తించారో చెప్పే వివరాలవి. ఉత్తరార్ధగోళం కోసం కోడిగుడ్లలో తయారుచేసే టీకాల్లో హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకానికి చెందిన భాగం 2023-24లో డార్విన్ 2021 రకం, మరుసటి ఏడాది థాయిలాండ్ 2022 రకం, 2025-26లో క్రొయేషియా 2023 రకం. అదే పెట్టెలోని బి రకం మాత్రం ఈ మూడేళ్లూ ఆస్ట్రియా 2021గానే ఉంది. అమ్మకం కోసమే మార్చేవారైతే దాన్నీ మార్చేవారు. ఏ భాగం మార్చాలో కంపెనీలు నిర్ణయించవు. వివిధ దేశాల ప్రయోగశాలలు పంపిన నమూనాలను చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి సిఫారసు చేస్తుంది.

ఇక ఎందుకు మారుతుందన్నది. ఫ్లూ వైరస్ జన్యు సమాచారమంతా ఎనిమిది ఆర్ఎన్ఏ ముక్కల్లో, దాదాపు 13,500 అక్షరాల్లో ఉంటుంది. పాత రోజుల్లో పహాణీని చేత్తో నకలు రాసి, అసలుతో సరిచూడకుండానే ఇచ్చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఈ వైరస్‌లో నకళ్లు తీసే ఎంజైముకూ సరిచూసే గుణం లేదు. తప్పుల్లో చాలావరకు వైరస్‌కే నష్టం. కానీ కొన్ని తప్పులు దాని పైపొరలోని హీమగ్లూటినిన్ అనే ప్రొటీన్ ఆకృతిని కొద్దిగా మారుస్తాయి. మన యాంటీబాడీలు పట్టుకునేది సరిగ్గా అక్కడే. నిరుటి యాంటీబాడీలకు ఈ ఏటి వైరస్ మీద పట్టు సడలుతుంది. పైగా టీకా ఇచ్చిన రక్షణ కూడా కొన్ని నెలల్లో తగ్గుతూ వస్తుంది.

పోలియో వైరస్ కూడా ఆర్ఎన్ఏ వైరసే, అదీ తప్పులు చేస్తుంది. అయినా మన యాంటీబాడీలు గుర్తించే భాగాలను అది పెద్దగా మార్చుకోలేకపోతోంది. అందుకే పోలియో వైరస్‌లోని మూడు రకాల మీదా దశాబ్దాలుగా అవే టీకాలు పనిచేస్తున్నాయి. ఫ్లూ వైరస్ అంత మార్పునూ తట్టుకుని బతుకుతుంది. తేడా అంతా అక్కడుంది.

మా నాన్నగారు చాలాకాలం రైస్ మిల్లులో పనిచేశారు. ఊకదుమ్ము ఊపిరితిత్తులను పాడుచేసింది, ఆయాసం ఉంది. ఏటా వానలకు ముందే ఆయనకు టీకా వేయిస్తున్నాం. ఒక ఏడాది టీకా వేసుకున్నా ఫ్లూ పట్టుకుంది. ఇల్లంతా హడలిపోయాం. కానీ ఆక్సిజన్ పెట్టాల్సిన అవసరం రాలేదు. అది టీకా చలవేనని నేను రుజువు చేయలేను. టీకా రకాలూ ఊళ్లో తిరిగే వైరస్ రకాలూ బాగా కలిసిన సంవత్సరాల్లో కూడా డాక్టరు దగ్గరికి పరుగెత్తే అవసరం 40 నుంచి 60 శాతమే తగ్గుతుంది. ఆయాసం ఉన్న మనిషికి ఆ తగ్గుదల చిన్నదేమీ కాదని నా గట్టి నమ్మకం.

ఇదంతా మెల్లగా జరిగే మార్పు. ఇంకోటి ఒక్కసారిగా జరుగుతుంది. రెండు వేర్వేరు ఫ్లూ వైరస్‌లు ఒకే కణంలోకి చేరితే వాటి ఎనిమిదేసి ముక్కలు కలగలిసి, మనుషులెవరికీ పరిచయం లేని కొత్త వైరస్ పుట్టవచ్చు. 1957 నాటి మహమ్మారి వైరస్ మూడు ముక్కలను, 1968 నాటిది రెండు ముక్కలను పక్షుల వైరస్‌ల నుంచి తీసుకున్నాయి. 2009 నాటి హెచ్1ఎన్1 పందుల్లోని వైరస్‌లు కలిసి పుట్టింది. మన దేశంలో దాని మొదటి కేసు ఆ ఏడాది మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది. ఇప్పుడది ఏటా వచ్చే ఫ్లూలో ఒకటిగా స్థిరపడింది.

అందుకే కోళ్ల సంగతీ చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో మన పాత నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్ మండలంలో కోళ్లకు బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ మరుసటి నెలలో నరసరావుపేట చిన్నారి ఒకరు హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయినట్లు తేలింది. మనిషి నుంచి మనిషికి సులువుగా పాకే గుణం ఈ వైరస్‌కు ఇంకా రాలేదు. బాగా ఉడికించిన చికెన్, గుడ్లు తినడానికి భయం అక్కర్లేదు. పచ్చి మాంసం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. నాటుకోళ్లు వరసగా చనిపోతుంటే వాటిని కోసి పంచుకోవడం, చెరువు గట్టున పారేయడం చాలా ప్రమాదం. చేత్తో ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు పెట్టండి.

ఫ్లూ రోజుల్లో నా దుకాణానికి వచ్చి "అజిత్రో ఇవ్వండి" అనేవారే ఎక్కువ. అది బ్యాక్టీరియా మందు, వైరస్‌ను ఏమీ చేయదు. ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ అనే మందు వేరే ఉంది. జ్వరం మొదలైన 48 గంటల్లోపు ఆరంభిస్తే మేలు ఎక్కువ. కానీ అది డాక్టరు చూసి రాయాల్సిందే.

మీ అమ్మగారి వయసు, జబ్బులు మీరు రాయలేదు. 65 దాటినా, షుగరు, గుండెజబ్బు, ఆస్తమా వంటివి ఉన్నా ఈ ఏడాదీ వేయించండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె గురించీ డాక్టరును అడగండి. మన ప్రాంతంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి పెరుగుతుంది. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మే నెలాఖరు మంచి సమయం. ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఇది లేదు, డబ్బు పెట్టి కొనాలి. కొనేటప్పుడు గడువు తేదీ, ఏ సీజన్‌దన్నదీ చూడండి. ఫ్రిజ్‌లోంచి మీ ఎదుటే తీసిన పెట్టెనే తీసుకుని, దారిలో చల్లదనం పోకుండా ఐస్ ప్యాక్ అడగండి.