ఇంటీరియర్ డిజైన్‌లో చేర్చే ముందు మీ వంటగదిని కొలవమనండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఇంజినీరింగ్ వద్దు, ఇంటీరియర్ డిజైన్ చదువుతానని పట్టుబట్టింది. ఫోన్‌లో ఎప్పుడు చూసినా స్కాండినేవియన్, ఇండస్ట్రియల్, బోహో అంటూ ఇళ్ల ఫొటోలే. మా అత్తగారి కాలం నాటి పెంకుటింటిని బాగు చేయించాలనుకుంటున్నాం. దాన్ని కూడా తానే డిజైన్ చేస్తానంటోంది. ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు ఆరు నెలల డిప్లొమాకు లక్షన్నర రూపాయలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేర్చమంటారా? ఆడపిల్ల ఈ రంగంలో నిలదొక్కుకోగలదా?
– ఒక తల్లి, భీమవరం దగ్గర పల్లె నుంచి

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి ఆసక్తి ఉందన్న మాటలో సందేహం లేదు. ఆ ఆసక్తి ఇళ్ల ఫొటోల మీదా, ఇళ్ల మీదా అన్నదే తేలాలి. దాన్ని తేల్చుకోవడానికి లక్షన్నర రూపాయలు అక్కర్లేదు, ఒక కొలత టేపూ ఒక గళ్ల కాగితాల పుస్తకమూ చాలు. డిప్లొమా గురించీ, ఆడపిల్లల గురించీ మీరు అడిగిన వాటికి తర్వాత వస్తాను. ముందుగా ఈ వృత్తిలో రోజూ చేసే పని ఏమిటో మీరిద్దరూ తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఈ కోర్సులో చేరి మధ్యలో మానేసి నా దగ్గరకు వచ్చిన పిల్లలు ఎక్కువగా చెప్పిన మాట, ఇన్ని కొలతలు, ఇన్ని డ్రాయింగులు ఉంటాయని అనుకోలేదన్నదే.

మీ అమ్మాయి చెబుతున్న స్టైళ్ల సంగతే తీసుకుందాం. ఏ స్టైల్ అయినా ఒక చోటి వాతావరణం నుంచీ, అక్కడ దొరికే సరుకు నుంచీ, అక్కడి మనుషుల అవసరం నుంచీ పుడుతుంది. స్వీడన్, డెన్మార్క్ వంటి స్కాండినేవియన్ దేశాల్లో చలికాలంలో పగటి వెలుగు కొద్ది గంటలే ఉంటుంది కాబట్టి, వచ్చిన ఆ కాస్త వెలుగునూ గదంతా పరచుకోవడానికి వాళ్లు గోడలకు తెలుపు వేసుకున్నారు, దగ్గరి అడవుల్లో దొరికే పైన్, బిర్చ్ వంటి లేత రంగు కలపతో సామాన్లు చేసుకున్నారు, కిటికీలకు బరువైన పరదాలు కట్టడం తగ్గించుకున్నారు. భీమవరంలో మన కష్టం దానికి తలకిందులు: ఎండను లోపలికి రానివ్వకుండా గాలిని మాత్రం ఎలా రప్పించాలన్నదే మన సమస్య. అలాంటి చోట పడమటి గోడకు పెద్ద అద్దం కిటికీ పెట్టి, లోపల తెల్ల రంగు వేస్తే ఫొటో బాగానే వస్తుంది కానీ మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఎవరూ కూర్చోలేరు. ఇండస్ట్రియల్ స్టైల్ కథ కూడా ఇలాంటిదే. న్యూయార్క్‌లోని సోహో ప్రాంతంలో మూతపడిన పాత ఫ్యాక్టరీ అంతస్తుల్లో 1960లలో చిత్రకారులు, శిల్పులు తక్కువ అద్దెకు చేరినప్పుడు, ఇటుక గోడలకు పూత పూయించడానికీ, పైకప్పు కింద పైపులు దాచడానికీ వారి దగ్గర డబ్బు లేకపోయింది, అవసరమూ కనిపించలేదు. ఆ లేమినే ఇవాళ మనం కొత్త అపార్టుమెంటులో ఇటుక బొమ్మ ఉన్న టైల్స్ అతికించి, చదరపు అడుగుకు ఇంత అని డబ్బు కట్టి మరీ తెచ్చుకుంటున్నాం. నాకు ఇందులో నవ్వు వచ్చే మాట నిజమే గానీ, అడిగే కస్టమర్లు ఉన్నంతకాలం డిజైనర్ అది కూడా శ్రద్ధగానే చేయాలి.

ఇంత దూరం వెళ్లకుండా మీ జిల్లాలోనే చూడమనండి. గోదావరి జిల్లాల్లో ఇంకా అక్కడక్కడా మిగిలిన మండువా లోగిళ్లలో నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా ఉంటాయి. వేడెక్కిన గాలి ఆ తెరపి నుంచి పైకి పోతుంటే వీధివైపు నుంచీ పెరటివైపు నుంచీ చల్లని గాలి లోపలికి వస్తుంది. నాలుగు వాలుల మీద పడిన వాన మండువాలోకి దిగి తూము గుండా బయటికి పోతుంది. ధాన్యం ఆరబోసుకోవడం, పెళ్లి పీటలు వేయడం, ఎండాకాలం రాత్రి మంచాలు వేసుకోవడం అన్నీ అక్కడే జరిగేవి. తమిళనాడులో కారైక్కుడి చుట్టూ ఉన్న చెట్టినాడు ఇళ్లలోనూ నడుమ ముంగిలి ఉంటుంది. అక్కడి ఆత్తంగుడి టైల్స్‌ను గాజు పలక మీద రంగు సిమెంటు పోసి ఇప్పటికీ చేత్తోనే తయారు చేస్తారు. మీ అమ్మాయి ఒక ఆదివారం దగ్గర్లోని ఒక మండువా ఇంటికి వెళ్లి, ఆ ఇంటివారిని అడిగి, ఎక్కడ గాలి ఆడుతోందో, ఎక్కడ చీకటిగా ఉందో, ఇప్పటి అవసరానికి బాత్రూమ్ ఎక్కడ కలిపారో రాసుకుని వస్తే, ఫోన్‌లో నెల రోజులు చూసిన దాని కంటే ఎక్కువ నేర్చుకుంటుంది.

ఇప్పుడు మీ పెంకుటింటి విషయం. దాన్ని పూర్తిగా ఆమె చేతిలో పెట్టమని నేను చెప్పను, అలాగని ఆమెను దూరంగా కూర్చోబెట్టమనీ చెప్పను. మీ అత్తగారి కాలం నాటి ఇల్లంటున్నారు కాబట్టి గోడలు సున్నంతో కట్టినవి అయి ఉండే అవకాశం ఉంది. ముందు తాపీమేస్త్రీ చేత ఒక మూల పూత గీకించి చూడండి. డెల్టా నేలలో చెమ్మ పునాది నుంచి గోడలోకి ఎక్కుతూ ఉంటుంది. సున్నపు పూత ఆ చెమ్మను గాలిలోకి వదిలేస్తుంది. అలాంటి గోడకు గట్టి సిమెంటు పూత వేసి, దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేస్తే, బయటికి దారి లేని చెమ్మ లోపలే నిలిచి, ఒకటి రెండు వానాకాలాలకే రంగు పొక్కులు లేచి, అడుగున చౌడు తెల్లగా పూస్తుంది. చాలామంది ఆ పొక్కులు కనబడకుండా వాల్‌పేపరో, పీవీసీ ప్యానెలో అతికిస్తారు. అప్పుడు గోడ ఆ వెనక కనబడకుండా పాడవుతుంది. మళ్లీ సున్నపు పూతే వేయించడం, ఇంటి చుట్టూ వాన నీరు నిలవకుండా వాలు తీయించడం, పగిలిన పెంకులు, పుచ్చిన వాసాలు మార్పించడం, ఇవన్నీ అయ్యాకే రంగుల మాట. ఈ వరుసను ఆమె చేత రాయించండి, మేస్త్రీతో మాట్లాడేటప్పుడు పక్కన నిలబెట్టండి. పాత ఎర్ర గచ్చు నేల పగుళ్లు లేకుండా ఉంటే దాని మీద టైల్స్ పరవవద్దని మాత్రం నా స్వార్థం కొద్దీ చెబుతున్నాను. అంత చల్లని నేల మళ్లీ వేయించుకుందామంటే పనివాళ్లు దొరకడం కష్టం.

ఇక ఆమెకు నేను పెట్టే పరీక్ష. రెండు వారాల గడువిచ్చి మీ వంటగదిని అంగుళం కూడా వదలకుండా కొలవమనండి: గోడలు, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తున మొదలవుతుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, నీటి పైపు, కరెంటు పాయింట్లు, సిలిండరు ఎక్కడున్నాయి. తర్వాత అడుగును అర అంగుళంగా గళ్ల కాగితం మీద ప్లాన్ గీయాలి, ఎదురుగా నిలబడితే ఒక్కో గోడ ఎలా కనిపిస్తుందో నాలుగు గోడలకూ విడివిడిగా గీయాలి. అంతటితో అయిపోదు. మీరూ, మీ అత్తగారూ వంట చేస్తుండగా ఒక పూట అక్కడే కూర్చుని, ఎవరు ఎన్నిసార్లు వంగారో, దేనికోసం ఎటు నడిచారో రాసుకోవాలి. వంటగట్టు మామూలుగా 33, 34 అంగుళాల ఎత్తున కడతారు. దాని మీద నాలుగైదు అంగుళాల పొయ్యి, ఆ పైన లోతైన గిన్నె పెడితే, ఐదడుగుల మనిషి పులిహోర కలపడానికి భుజం ఎత్తాల్సి వస్తుంది. మోచేయి మడిచి నిలబడితే గట్టు మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. మీ అత్తగారికి ఆ గట్టు ఎంత ఎత్తున ఉండాలో ఈ అమ్మాయి తనంతట తాను కనిపెట్టి, కాగితం మీద మార్చి చూపిస్తే, ఆమెను ధైర్యంగా ఈ చదువులో చేర్చండి. రెండో రోజుకే విసుగొచ్చి మళ్లీ ఫోన్ తీసుకుంటే, ఆ విషయం ఇప్పుడే తెలిసినందుకు సంతోషించండి.

కొలతల గురించి ఇంత చాదస్తంగా చెప్పడానికి నా సొంత కారణం ఒకటుంది. కొన్నేళ్ల కిందట మా పడకగదిలో వార్డ్‌రోబ్ చేయించుకున్నాం. డిజైన్ చేసిన కుర్రవాడు కంప్యూటర్‌లో చూపిన త్రీడీ బొమ్మ చూసి మా ఇంట్లో అందరం మురిసిపోయాం. నడిచే చోటు కలిసి వస్తుందని అతను లోపలి లోతు 18 అంగుళాలే ఉంచాడు. చొక్కా తగిలించిన హ్యాంగరు అడ్డంగా అంతకంటే ఎక్కువ చోటు అడుగుతుంది, అందుకే వార్డ్‌రోబ్ లోతు మామూలుగా 24 అంగుళాలు ఉంచుతారు. మా ఇంట్లో ఆ తలుపులు మూసిన ప్రతిసారీ ఒక చొక్కా చేయి బయటికి వచ్చి చిక్కుకుంటుంది. అంత అందమైన బొమ్మ గీయగలిగిన అతను ఒక్క హ్యాంగరును కొలవలేదు.

చదువు విషయానికి వస్తే, ఎంపీసీ తీసుకోవడం మీ అమ్మాయికి కలిసొచ్చింది. గణితం, భౌతికశాస్త్రం ఉన్నాయి కాబట్టి ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ, అంటే బీఆర్క్ దారి తెరిచే ఉంది. దానికి నాటా అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో సీటు కావాలంటే జేఈఈ మెయిన్ రెండో పేపర్ రాయాలి. నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ చాలనుకుంటే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఇంటీరియర్ డిజైన్‌లో బీడిజైన్ నడుపుతోంది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్ విభాగం ఉంది, అదే ఊళ్లో సెప్ట్ యూనివర్సిటీ కూడా ఈ చదువుకు పేరున్నదే. ఎన్ఐడీకి ఏ గ్రూపు వారైనా ప్రిలిమ్స్, మెయిన్స్ రాయవచ్చు. మన రాష్ట్రంలోనూ ఎన్ఐడీ ఉంది కదా అని చాలామంది అడుగుతుంటారు. మంచి సంస్థే గానీ, ఇంటీరియర్ అన్న పేరుతోనే చదవాలనుకుంటే అక్కడి కోర్సుల జాబితా చూసుకుని దరఖాస్తు చేయండి. ఐఐటీల బీడిజైన్‌కు రాసే యూసీడ్ ప్రవేశ పరీక్ష విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

బీఆర్క్, బీడిజైన్ రెండింటిలో ఏది అంటే, నేనైతే మొగ్గు బీఆర్క్ వైపే చూపుతాను. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోగలరు. ఇంటీరియర్ డిజైనర్ అన్న పేరుకు అలాంటి చట్టం లేదు, రేపు ఉదయం ఎవరైనా బోర్డు తగిలించుకోవచ్చు. పైగా పాత ఇంటిని మార్చే పనిలో ఏదో ఒక దశలో చేయి గోడ మీద పడుతుంది, ఏ గోడ బరువు మోస్తోందో, ఏది ఉత్త అడ్డుగోడో తెలియకుండా సుత్తి ఎత్తకూడదు. హైదరాబాద్‌లో చాలా కొత్త టవర్లలో మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చులతో, గోడలను కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. అక్కడ గోడ తీసేయడం అటుంచి, స్విచ్‌బోర్డు అడుగు పక్కకు జరపడమే పెద్ద పని. అయితే ఐదేళ్లు ఓపిక లేదని, కుర్చీలు, పరదా బట్టలు, వెలుగు, రంగులే తన లోకమని ఆమె అంటే, బీడిజైన్ ఏమీ తక్కువ కాదు.

ఆరు నెలల డిప్లొమాలో ఇప్పుడు చేర్చవద్దు. అందులో ముఖ్యంగా నేర్పేది ఆటోక్యాడ్, స్కెచప్ వంటి సాఫ్ట్‌వేర్లు. డిగ్రీ చదివేవారు వాటిని మొదటి రెండేళ్లలోనే నేర్చుకుంటారు. ఉద్యోగం గ్యారంటీ అన్నవారిని ఏ కంపెనీ, ఏ హోదా, నెలకు ఎంత అన్నది కాగితం మీద రాసిమ్మని అడగండి. మాడ్యులర్ కిచెన్లు అమ్మే చోట డిజైనర్ పేరుతో తీసుకుని నెలవారీ అమ్మకాల టార్గెట్ పెట్టడం ఈ రంగంలో మామూలే. అందులో తప్పు లేదు గానీ, అది సేల్స్ ఉద్యోగమని తెలిసి చేరాలి. డబ్బుకు ఇబ్బందిగా ఉండి త్వరగా పనిలో పడాలనుకునే పిల్లలకు ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ కోర్సు ఇంతకంటే గట్టి పునాది.

ఆడపిల్ల సంగతి అడిగారు. ఈ చదువుల్లో అమ్మాయిలు తక్కువేమీ లేరు. కష్టం సైట్‌లో మొదలవుతుంది: లిఫ్టు ఇంకా పెట్టని ఆరో అంతస్తు, రంపపు పొట్టు, సరైన బాత్రూమ్ లేకపోవడం, ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మేస్త్రీ కొత్తగా వచ్చిన అమ్మాయి మాటను చెవిన పెట్టకపోవడం. మాట నెగ్గాలంటే అతని భాషలో మాట్లాడగలగాలి. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంటుంది, వడ్రంగి మాత్రం ‘రెండడుగుల మూడంగుళాల రెండు సూత్’ అంటాడు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, దాదాపు మూడు మిల్లీమీటర్లు, డ్రాయరు ఇరుక్కుపోవడానికి ఆ తేడా చాలు. హైదరాబాద్‌లో చెక్కపని చేసేవారిలో చాలామంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చినవారే కనుక హిందీ రావాలి. తడి తగిలే సింకు కింద వాడే 710 మార్కు ప్లైవుడ్‌కూ, మామూలు 303 మార్కుకూ తేడా ముద్ర చూసి చెప్పగలగాలి. మొదటి రెండు మూడేళ్లు జీతం ఇంజినీరింగ్ స్నేహితులతో పోల్చుకుంటే బాధ కలిగేలానే ఉంటుంది. సొంతంగా ప్రాక్టీసు పెట్టాక చదరపు అడుగు లెక్కన గానీ, పని ఖర్చులో శాతంగా గానీ ఫీజు తీసుకుంటారు. దుకాణాలవాళ్లు డిజైనర్‌కు కమీషన్ ఇచ్చే అలవాటు కూడా ఉంది. దాని మీద బతికేవారి సలహా కస్టమర్‌కు ఎప్పుడూ ఖరీదైన గ్రానైటు వైపే మొగ్గుతుందని ఆమెకు ఇప్పటి నుంచే చెప్పండి.

కోర్సు కోసమని ఖరీదైన ల్యాప్‌టాప్ కొనిపెట్టమని ఆమె అడుగుతూ ఉండవచ్చు. ఇప్పుడే కొనకండి. మొదటి ఏడాదంతా చాలా కాలేజీల్లో చేత్తోనే గీయిస్తారు. అప్పటివరకూ మంచి పెన్సిళ్లు, స్కేలు, ఐదు మీటర్ల స్టీలు టేపు కొనిపెట్టి, వంటగది ప్లాన్ పూర్తయ్యాక దాని నకలు ఒకటి నాకు పంపించండి.