ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ పెరుగుతోంది, ఏ స్కాన్ చేయించాలి?

మీ మామగారికి క్యాన్సర్ వల్ల ప్రోస్టేట్ గ్రంథి తీసేసి రెండేళ్లయింది, ఇప్పుడు పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ప్రొటీన్, రక్తపరీక్షలో కొలుస్తారు) 0.3 వచ్చింది, బోన్ స్కానా పెట్ స్కానా అని అడిగారు. మా నాన్నగారి విషయంలో సరిగ్గా ఇక్కడే పొరబడ్డాం కాబట్టి రాస్తున్నాను.

గ్రంథి మొత్తం తీసేశాక పీఎస్‌ఏ దాదాపు సున్నా ఉండాలి. వరసగా రెండుసార్లు 0.2 గానీ అంతకు మించి గానీ వస్తే జబ్బు తిరగబెట్టినట్టే లెక్క. నాన్నకి 0.24 ఉన్నప్పుడు బోన్ స్కాన్, సీటీ చేయించాం. రెండింట్లోనూ ఏమీ లేదన్నారు. హమ్మయ్య అనుకుని ఐదు నెలలు రక్తపరీక్ష కూడా చేయించలేదు. తీరా చూస్తే 0.61! పీఎస్‌ఏ అంత తక్కువున్నప్పుడు ఆ స్కాన్లలో ఏమీ కనబడకపోవడమే మామూలట. సీటీ సైజుని బట్టే చెబుతుంది, చిన్న లింఫ్ గ్రంథిలో క్యాన్సర్ ఉన్నా దానికి తెలియదు.

అప్పుడు హైదరాబాద్‌లో గాలియం పీఎస్ఎంఏ పెట్ చేయించాం, అంటే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలకు అతుక్కునే రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే స్కాన్. ఆ మందు సత్తువ 68 నిమిషాల్లో సగానికి పడిపోతుంది, అందుకే టైముకి రమ్మని రెండుసార్లు ఫోన్ చేశారు. పరగడుపున అక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్లాం. ఇంజెక్షన్ చేసి, గంటసేపు నీళ్లు తాగించి, బల్ల మీద పడుకోబెట్టే ముందు మూత్రానికి పంపారు. మందు మూత్రంలోనే పోతుంది కదా, బ్లాడర్ వెలుగులో ఆపరేషన్ చేసిన చోటున్న చిన్న మచ్చ మరుగున పడొచ్చు. అక్కడ అనుమానముంటే ఎంఆర్ఐ కూడా తీస్తారు.

స్క్రీన్ మీద కిడ్నీలు, దవడల కింద గ్రంథులు ధగధగలాడుతుంటే నా గుండె గుభేలుమంది. అవి అందరికీ అలాగే వెలుగుతాయని డాక్టర్‌గారు చెప్పి, కుడివైపు రక్తనాళాన్ని ఆనుకుని ఉన్న చుక్క చూపించారు. ఆరు మిల్లీమీటర్ల లింఫ్ గ్రంథి. రేడియేషన్ దాన్ని కూడా కలుపుకుని ఇచ్చారు.

మీకు చెప్పాల్సింది ఇంకోటుంది. 0.3 దగ్గర ఈ స్కాన్‌లో కూడా సుమారు సగం మందికి ఏమీ కనబడదు. కనబడలేదని మాలాగా నెలలు గడపకండి. పీఎస్‌ఏ 0.5 లోపు ఉండగా రేడియేషన్ ఇస్తేనే ఎక్కువ ఫలితం, స్కాన్ క్లీన్‌గా ఉన్నా దాని గురించి అడగండి. మగ హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్ రాస్తే, స్కాన్ అయ్యాక మొదలుపెట్టొచ్చా అని ముందే కనుక్కోండి. వెళ్లేటప్పుడు పాత పీఎస్‌ఏలన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాసుకుని, ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు పట్టుకెళ్లండి.