'ది స్టెప్‌ఫాదర్': మీరు చూసింది రీమేక్, వెతుకుతున్నది 1987 నాటిది
మారుతండ్రిని అనుమానించే అమ్మాయి ఉన్న పాత సినిమా కోసం వెతికితే, దొరికినదాంట్లో ఆ అమ్మాయే లేదన్నారు కదా. మీకు దొరికింది 2009లో వచ్చిన రీమేక్ అయ్యుంటుంది, అందుకే ఆమె అందులో ఎక్కడా కనబడలేదు. 'ది స్టెప్‌ఫాదర్' పేరుతో రెండు సినిమాలున్నాయి. మొదట్లో మారుతండ్రి అద్దం ముందు గడ్డం గీసుకుని, వేషం మార్చుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయే సీన్ రెండింట్లోనూ ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని తేల్చొద్దు, అందరూ పప్పులో కాలేసేది అక్కడే.

ఇంట్లో అనుమానపడేది ఎవరో చూడండి:

1. కూతురైతే 1987 సినిమా. దర్శకుడు జోసెఫ్ రూబెన్, మారుతండ్రిగా టెర్రీ ఓక్విన్ (భయపెట్టేశాడు).
2. మిలిటరీ స్కూల్ నుంచి వచ్చిన కొడుకైతే 2009ది, మారుతండ్రిగా డిలన్ వాల్ష్.

వెతికేటప్పుడు పేరు పక్కన 1987 అని కొట్టండి. 1989, 1992 సీక్వెల్స్ కూడా లిస్టులో వస్తాయి, మూడోదాంట్లో ఓక్విన్ అసలు లేడు, వాటిని దాటేయండి.